గడువు దాటిన కాఫీ

ప్లీడరుకి డైరీ ఉండాలి. అందులో వాయిదాలు ఉండాలి. ఫలానా ఓ.ఎస్. నంబరు, ఫలానా కోర్టు, వాది ప్రతివాదుల పేర్లు, పోయిన వాయిదా ఎప్పుడు, ఇవాళ దేని కోసం ఉంది, మళ్ళీ ఎప్పటికి వేశారు. ఇంతే. మా రోజుల్లో ఆ డైరీలో ప్లీడరు గురించి ఒక్క ముక్క ఉండేది కాదు. ఆయన ఎప్పటికి పైకొస్తాడు, ఏ యేడు సొంత ఆఫీసు పెడతాడు, ఏ విద్యలో వెనకబడ్డాడు అని రాసుకునే గడి అందులో లేదు. ఉండాలని ఎవరికీ తోచనూ లేదు. కక్షిదారు కేసు ముందు నడుస్తుంది, ప్లీడరు దాని వెనక నడుస్తాడు. అదీ వరస.

ఇప్పుడా వరస తిరగబడింది. మా అన్నయ్య మనవరాలు బొంబాయిలో ఓ పెద్ద లా ఫర్మ్‌లో అసోసియేట్. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి తన కెరీర్ బోర్డు చూపించింది. నిలువునా నాలుగు గళ్ళు: చెయ్యాల్సినవి, చేస్తున్నవి, ఆగిపోయినవి, అయిపోయినవి. గళ్ళ నిండా చీటీలు. వేలితో పట్టి లాగితే చీటీ ఓ గడిలోంచి లేచి ఇంకో గడిలో కూర్చుంటుంది. ఒకదాని మీద ‘షేర్ పర్చేజ్ అగ్రిమెంట్ మొదటి డ్రాఫ్టు నేనే రాయాలి’ అని ఉంది. ఇంకోదాని మీద ‘సెబీ టేకోవర్ నిబంధనలు, 2011: పూర్తిగా చదవాలి’. ‘ఇంగ్లండ్ సొలిసిటర్ పరీక్ష రాయాలా వద్దా’. ‘ఏదైనా పత్రికలో ఒక వ్యాసం’. ‘పార్ట్‌నర్‌తో కాఫీ’. ఈ ఆఖరుదాని మీద తేదీ ఎర్రగా మెరుస్తోంది.

“ఎరుపెందుకే?” అన్నాను.

“గడువు దాటిపోయింది తాతయ్యా.”

కాఫీకి గడువు! మా సీనియర్ గారింట్లో కాఫీ లోపలి నుంచి దానంతట అదే వచ్చేది. రాని పూట ఆయనకి మన మీద కోపంగా ఉందని అర్థం. అంతకు మించిన అప్రైజల్ నేనెరగను.

ఎర్ర సిరా మాకూ ఉండేది. గడువుల సంగతి ఎవరైనా ప్లీడరుకి నేర్పాలా? ప్రోనోటు బాకీకి మూడేళ్ళు, ఆస్తి స్వాధీనానికి పన్నెండేళ్ళు. 1963 లిమిటేషన్ చట్టం మా నెత్తి మీద కత్తి. కక్షిదారు హక్కు చచ్చిపోయే తేదీ ఏదో దాన్ని డైరీలో ఎర్ర సిరాతో రాసేవాళ్ళం. ఆ తేదీ దాటితే ఓ కుటుంబం పొలం పోతుంది. అలాంటి ఎరుపుని తీసుకొచ్చి కాఫీ మీద వేశారు.

ఆ బోర్డుకి ఇంకో ముఖం ఉంది. మీట నొక్కితే చీటీలన్నీ అడ్డగీతలై కాలం వెంట పరుచుకుంటాయి. ఎడమ కొసన ఈ యేడాది, కుడి కొసన పదో యేడు. మధ్యమధ్య సీనియర్ అసోసియేట్, ప్రిన్సిపల్ అసోసియేట్, కౌన్సెల్ అంటూ నలుపలకల గుర్తులు, చివరి గుర్తు పార్ట్‌నర్. గీతకీ గీతకీ బాణాలు. ఇదయితే గానీ అది మొదలవదని. పెళ్ళివారి సామాన్ల జాబితా కూడా ఇంత వివరంగా రాయరు.

నేను ఎమర్జెన్సీకి కాస్త ముందు గుంటూరులో నల్లకోటు వేసుకున్నాను. 1961 అడ్వకేట్స్ చట్టం మొదట్లో, లా పట్టా పుచ్చుకున్నవాడు బార్ కౌన్సిల్ చెప్పిన శిక్షణ పొంది, పరీక్ష ప్యాసయితేనే ఎన్‌రోల్‌మెంటు అనేది. 1973లో సవరణ చేసి ఆ షరతు ఎత్తేశారు. తరవాత 1995లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా శిక్షణ రూల్స్ మళ్ళీ తెచ్చింది. అలా రూల్స్ చేసే అధికారం నీకు లేదని 1999లో సుదీర్ కేసులో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. ఆలిండియా బార్ పరీక్షని 2010లో నిర్ణయించి 2011లో మొదటిసారి పెట్టారు. అది కూడా పుస్తకాలు ముందేసుకుని రాసే పరీక్షగానే మొదలైంది. అంటే యాభై యేళ్ళుగా ఈ దేశంలో ప్లీడరుని తయారుచేసే బాధ్యత చట్టం ప్రకారం ఎవరిదీ కాదు. రాతకోతలు లేకుండా ఆ పని చేసినవి సీనియర్ల ఆఫీసులు.

మాది బ్రాడీపేటలో ఓ వీధి గది. గోడల నిండా ఏ.ఐ.ఆర్., ఆంధ్ర లా టైమ్స్ బౌండు పుస్తకాలు. మొదట్లో నా పని ఫైలు కట్టల తాళ్ళు విప్పడం, మళ్ళీ కట్టడం. తరవాత కేసు పిలిచినప్పుడు లేచి పాస్ ఓవర్ అడగడం, అంటే కాసేపాగి మళ్ళీ పిలవమనడం. అడగడానికీ ఓ పద్ధతుంది. జడ్జిగారు రాసుకుంటున్నప్పుడు అడగకూడదు, కలం ఆగాక అడగాలి. ఏ పుస్తకంలో ఉందిది? ఆ తరవాత వాయిదా అడగడం. మన తప్పు లేనప్పుడు వాయిదా అడగడం ఓ మెట్టు, మన తప్పు ఉన్నప్పుడు అడగడం అంతకు పై మెట్టు. అక్కణ్ణుంచి అఫిడవిట్లు, ఐ.ఏ.లనే చిన్న చిన్న మధ్యంతర దరఖాస్తులు. మొదటి ప్లెయింటు రాసిచ్చిన రోజున ఆయన నా కాగితాలు అటూ ఇటూ తిప్పి, ఏమీ అనకుండా పక్కన పెట్టేసి, తన డ్రాఫ్టు టైపు చెయ్యమని గుమాస్తాకిచ్చారు. రాత్రి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఏది ఎందుకు కొట్టేశారో నేనే పట్టుకోవాలి. నా కాగితంలో న్యాయం గురించి రెండు పేరాలున్నాయి, ఆయన దాంట్లో సరిహద్దులు సరిగ్గా ఉన్నాయి.

గుమాస్తాగారు రెండో గురువు. కోర్టు ఫీజు ఎంత పెట్టాలి, బత్తా ఎప్పుడు కట్టాలి, నకళ్ళకి ఎవరి దగ్గర దరఖాస్తు పెట్టాలి, ఏ సెక్షన్‌లో ఏ పెద్దమనిషి ఏ వంకతో కాగితం తిప్పి పంపుతాడు, ఇవన్నీ ఆయనకి కంఠతా వచ్చు. ప్లెయింటు రిటర్నయి వస్తే, దాని వెనకేం రాశారో చూడకుండానే కారణం చెప్పేవారు. ఆయనకి చదువు ఎనిమిదో తరగతి. ఇప్పటి లా ఫర్మ్‌లలో ఈ విద్యకి నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ అని పేరు పెట్టి వేరే శాఖే నడుపుతున్నారట.

మరి ప్రమోషనో? ఓ పొద్దున కక్షిదారు ఎదుట మా సీనియర్ గారు గడ్డంతో నా వైపు చూపించి “మావాడు చూసుకుంటాడు” అన్నారు. అదే ప్రమోషన్. అది ఏ నెలలో వస్తుందో ముందే తేదీ వేసుకునే వీలు లేదు. ఇంకో రకం అదృష్టమూ ఉండేది. సీనియర్ గారు జడ్జి అయిపోతే ఆఫీసులో కట్టలన్నీ జూనియర్ల పాలయ్యేవి. నో అబ్జెక్షన్ సంతకాలు, కొత్త వకాల్తాలు, మర్నాటి నుంచి మనమే పెద్దవాళ్ళం. ఆయన జడ్జి కావడం మాత్రం హైదరాబాదు చేతిలోనూ ఢిల్లీ చేతిలోనూ ఉండేది. ఆ బాణం ఎక్కణ్ణుంచి ఎక్కడికి గియ్యను?

ఈ బోర్డులూ గీతలూ ఎక్కడ పుట్టాయో ఆ పిల్ల కొంత చెప్పింది, మిగతాది నేను చదువుకున్నాను. అడ్డగీతల పటం 1910ల్లో హెన్రీ గాంట్ అనే అమెరికన్ ఇంజనీరు పేరు మీద ఫ్యాక్టరీల్లో ప్రచారంలోకొచ్చింది. బాణాల లెక్క 1950ల చివర్లో డ్యూపాంట్ రసాయనాల కంపెనీ తన ప్లాంట్ల పనుల కోసం తయారు చేయించుకున్నది. చీటీలు టొయోటా కార్ల ఫ్యాక్టరీలో తైయిచి ఓనో పెట్టిన పద్ధతి. వాటిని తెర మీదికి తెచ్చిన ట్రెల్లో 2011లో న్యూయార్క్‌లో మొదలైంది. 2017లో అట్లాసియన్ అనే ఆస్ట్రేలియా కంపెనీ దాన్ని 42.5 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. ఆ కంపెనీదే జిరా అని ఇంకోటుంది, 2002 నుంచి ఉంది. ప్రోగ్రాముల్లో తప్పులు దొరికితే నమోదు చేసుకోవడానికి పుట్టింది. ఇప్పుడు కొందరు లాయరు పిల్లలు అందులో తమ లోపాలు నమోదు చేసుకుంటున్నారు.

ఒక్క ఫ్యాక్టరీలనే తిట్టి లాభం లేదు, లాయర్లూ తక్కువ తినలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో న్యూయార్క్‌లో పాల్ క్రవాత్ ఓ పద్ధతి పెట్టాడు. పెద్ద లా కాలేజీల నుంచి బాగా చదివే కుర్రాళ్ళని ఏరుకోవాలి, పెద్ద కేసుని ముక్కలు చేసి ఒక్కో ముక్క ఒక్కొక్కరికివ్వాలి, పార్ట్‌నర్ల మధ్య వాళ్ళని తిప్పుతూ నేర్పాలి, కొన్నేళ్ళకి పార్ట్‌నర్ కాగలిగినవాడు ఉంటాడు, కాలేనివాడు తలుపు తీసుకుని వెళ్తాడు. పైకెక్కు, లేదా బయటికి నడు. ప్రపంచంలో పెద్ద లా ఫర్మ్‌లు చాలావరకు ఈ అచ్చులో పోసినవే. మనవాళ్ళు బొంబాయి, ఢిల్లీ, హైదరాబాదుల్లో పెట్టిన పెద్ద ఫర్మ్‌ల మెట్లూ అవే. ఇక బోస్టన్‌లో రెజినాల్డ్ హీబర్ స్మిత్ అని ఒకాయన. బీదవాళ్ళకి న్యాయం అందడం లేదని 1919లో పెద్ద పుస్తకం రాసిన పుణ్యాత్ముడు. లాయర్ల ఆఫీసులకి రోజువారీ టైమ్ షీట్ అలవాటు చేసినవాళ్ళలోనూ ఆయన పేరే ముందు చెబుతారు. గంటని పది ముక్కలు చేసి ఆరేసి నిమిషాల లెక్క. 1975లో గోల్డ్‌ఫార్బ్ కేసులో, బార్ అసోసియేషన్లు కనీస ఫీజుల పట్టీ పెట్టడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చాక ఆ గంటల లెక్కకి అడ్డు లేకుండా పోయింది. 2008 మాంద్యం తరవాత, గంటలు కాదు, పనికి మొత్తం ఎంతవుతుందో ముందే చెప్పండని క్లయింట్లు పట్టుబట్టారు. దాంతో కేసు నడపడానికి ప్రాజెక్ట్ మేనేజర్లని పెట్టుకున్నారు.

ముందు లాయరు గంటని ముక్కలు చేశారు. తరవాత కేసుని. ఇప్పుడు లాయర్ని.

ఇందులో మన దేశపు తమాషా వేరే ఉంది. బార్ కౌన్సిల్ రూల్స్‌లో 49వ రూలు ప్రకారం ప్రాక్టీసు చేసే అడ్వకేటు జీతానికి పూర్తికాలం ఉద్యోగం చెయ్యకూడదు. అందుకని ఫర్మ్‌లో అసోసియేటుకిచ్చేది జీతం కాదు, రిటైనర్ ఫీజు. కాగితం మీద ఆ పిల్ల స్వతంత్ర అడ్వకేటు. ఆ స్వతంత్రురాలు రాత్రి పదకొండింటికి ఆరేసి నిమిషాల లెక్క రాసి, తరవాత బోర్డు తెరిచి తన చీటీలు జరుపుకుని పడుకుంటుంది.

నాకు ఒళ్ళు మండింది గంటల దగ్గర కాదు, చీటీల దగ్గర. టొయోటా పద్ధతిలో ప్రాణమంతా రెండు నియమాల్లో ఉంది. ముందు గదివాడు అడిగితేనే వెనక గదివాడు తయారు చెయ్యాలి, తోసుకుంటూ పోకూడదు. రెండోది, చేతిలో ఉన్న పనికి హద్దుండాలి. హద్దు నిండితే కొత్త చీటీ ముట్టుకోకూడదు. మా పిల్ల బోర్డు మీద ‘చేస్తున్నవి’ గడి నెత్తిన ‘మూడింటికి మించరాదు’ అని రాసుంది. దాని కింద పదకొండు చీటీలున్నాయి.

“శుక్రవారం సాయంత్రం ఏడింటికి పార్ట్‌నర్ మెయిలు పెడితే, నా హద్దు నిండింది సార్ అంటావా?”

“అనలేను తాతయ్యా.”

“మరి ఆ మూడు ఎందుకు రాశావు?”

“ఆశ.”

పద్ధతికి ప్రాణమైన నియమాన్ని వదిలేసి రంగు చీటీలు మాత్రం తెచ్చుకున్నారన్నమాట. తోసేవాడు తోస్తూనే ఉంటాడు. అప్పుడు వెనక్కిపోయేవి ఏవో తెలుసా? క్లయింటు పని ఎప్పుడూ పోదు. ‘నేర్చుకోవాలి’ అని మొదలయ్యే చీటీలన్నీ పోతాయి. సెబీ నిబంధనల చీటీ ఎన్నిసార్లు తేదీ మార్చుకుందో ఆ సాఫ్ట్‌వేరే కింద వరసగా రాసి పెట్టింది. మా కోర్టుల్లో విభాగ దావాలకి కూడా అన్ని వాయిదాలు పడవు.

టంగుటూరి ప్రకాశం పంతులుగారికి ఇలాంటి బోర్డు ఉంటే ఎలా ఉండేదని నాలో నేను నవ్వుకున్నాను. రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు. ప్రాక్టీసు బాగా ఉంది, మునిసిపాలిటీ పెద్దరికం ఉంది. బాణాలన్నీ పైకే చూస్తున్నాయి. అన్నీ వదిలి 1904లో లండన్ వెళ్ళి బారిస్టరయ్యారు. మద్రాసులో రెండు చేతులా సంపాదించారు. చివరి గుర్తు చేరుకున్నారనుకునే వేళకి, 1921లో, ప్రాక్టీసే మానేసి ‘స్వరాజ్య’ పత్రిక పెట్టి ఆ డబ్బంతా పోగొట్టుకున్నారు. ఏ గడిలో పెడతారు దాన్ని? ‘ఆగిపోయినవి’ లోనా, ‘అయిపోయినవి’ లోనా? కోకా సుబ్బారావుగారు మన గుంటూరులో 1954లో పెట్టిన ఆంధ్ర హైకోర్టుకి మొదటి ప్రధాన న్యాయమూర్తి, తరవాత దేశానికే ప్రధాన న్యాయమూర్తి. ఆయనా విరమణకి మూడు నెలల ముందు, 1967 ఏప్రిల్‌లో, రాజీనామా పారేసి రాష్ట్రపతి పదవికి నిలబడి ఓడిపోయారు.

అయితే ఇలాంటి పెద్దల పేర్లు చెప్పి పిల్లల్ని దబాయించడం అన్యాయం. ప్రకాశంగారు శతాబ్దానికి ఒకరు. మిగతా జూనియర్లం ఎలా బతికామో కూడా చెప్పాలిగా.

మేం ప్లాన్ లేకుండా బతికామంటే మాకేదో వైరాగ్యం ఉండి కాదు. ప్లాన్ వేసుకునే హక్కు మాకు లేదు. సీనియర్ గారు ఏమిస్తే అదే పని, ఏమిచ్చినా ఇవ్వకపోయినా అదే జీతం. పండక్కి పంచెల చాపు ఇచ్చినవారు మహానుభావులు. ఇంటి దగ్గర పదెకరాల మాగాణి ఉన్నవాడో, మామగారు ప్లీడరయినవాడో నిలబడేవాడు. మేనల్లుడికి రెండో యేడే క్రాస్ ఎగ్జామినేషన్, మిగతావాళ్ళు అయిదో యేడు కూడా పాస్ ఓవర్ దగ్గరే. తెలివైనవాళ్ళు ఎంతమందో బ్యాంకు పరీక్షలు రాసి వెళ్ళిపోయారు. వాళ్ళెందుకు వెళ్ళారో ఏ ఆఫీసులోనూ రాసి లేదు. ఆడపిల్లలు ఒకరిద్దరు వస్తే వాళ్ళకి మనోవర్తి కేసులు కట్టబెట్టి, సివిల్ కట్టలు ముట్టుకోనిచ్చేవారు కాదు. అది తప్పని అనుకున్నవాళ్ళు కూడా పైకి అనలేదు.

డబ్బు సంగతి ఇప్పటికీ తేలలేదు. 2019 డిసెంబర్ 3న, న్యాయవాదుల దినం నాడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వైఎస్సార్ లా నేస్తం అని పెట్టి జూనియర్లకి మొదటి మూడేళ్ళు నెలకి 5,000 రూపాయలన్నది. జూనియర్‌కి స్టయిపెండు సీనియర్ ఇవ్వక సర్కారు ఇవ్వాల్సొచ్చిందంటే మా వృత్తి సిగ్గుపడాలి. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్టణాల్లో నెలకి 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 ఇవ్వండని సర్క్యులర్ పంపింది. అది సలహా మాత్రమే, హుకుం కాదు. దాన్ని పట్టుకెళ్ళి సీనియర్ బల్ల మీద పెట్టే జూనియర్ని నేనింకా చూడలేదు.

అందుకే మా పిల్ల చెప్పిన ఇంకో సంగతి విన్నాక కాసేపు నోరు పెగల్లేదు. తనూ, తనతోపాటే చేరిన ఓ అబ్బాయీ ఒకే పార్ట్‌నర్ కింద పనిచేస్తున్నారు. ఏడాది చివర ‘అయిపోయినవి’ గడిలో చీటీలన్నీ రంగులవారీగా వేరు చేసి చూసుకుంది. తనవి దాదాపు అన్నీ డ్యూ డిలిజెన్స్. అంటే అమ్మే కంపెనీ కాగితాలు వేలకొద్దీ చదివి లొసుగులు జాబితా రాయడం. డ్రాఫ్టింగ్, ఎదుటి పక్షం లాయర్లతో బేరసారాలు, క్లయింటుతో మాట్లాడ్డం, ఇవన్నీ ఆ అబ్బాయికి. ఎవరూ కావాలని చేసి ఉండకపోవచ్చు. ఎవరు కంటికి ముందు కనిపిస్తే వాళ్ళకిస్తారు. ఆ పట్టీ ప్రింటు తీసి అప్రైజల్‌లో బల్ల మీద పెట్టింది. ఆ తరవాత వచ్చిన డీల్‌లో మొదటి డ్రాఫ్టు తనకిచ్చారు.

“నోటితో చెప్పుంటే, నీకలా అనిపిస్తోందేమో అనేవారు తాతయ్యా. చీటీల మీద తేదీలున్నాయి.”

దస్తావేజు ఉన్నచోట నోటి సాక్ష్యం నిలవదని అరవై మంది మునసబుల ముందు వాదించిన నోటితో నేనిప్పుడేమనను? మా సీనియర్ల ఆఫీసుల్లో ఎవరికే పని ఇచ్చారన్నది ఒక్క సీనియర్ జ్ఞాపకంలోనే ఉండేది. ఆ జ్ఞాపకం ఎప్పుడూ ఆయన పక్షమే.

సరే, ఆ మార్కు వాళ్ళకిచ్చేశాను. కానీ సణగడానికి ఇంకా మిగిలింది. ఆ బోర్డు తాళం ఎవరి దగ్గరుంది? ఫర్మ్ ఇచ్చిన ఖాతాలో పెట్టుకుంటే దాన్ని తెరిచి చూసే దారి ఫర్మ్‌కి ఉంటుంది. ‘వచ్చే యేడు ఎల్ఎల్ఎం’ అనో ‘కంపెనీలో ఇన్-హౌస్ ఉద్యోగం వెతకాలి’ అనో రాసిన చీటీ పైవాడి కంట పడ్డాక మంచి పని ఎవరిస్తారు? సొంత ఖాతాలో పెట్టుకుంటే వేరే తంటా. చీటీ మీద క్లయింటు పేరు రాశావో, కక్షిదారు రహస్యం ఎక్కడో విదేశంలో ఉన్న సర్వర్లో కూర్చుంటుంది. ఆ రహస్యం కాపాడ్డం పాత సాక్ష్య చట్టంలో 126వ సెక్షను, 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 132. పైగా ఈ పిల్లల పని లిస్టెడ్ కంపెనీల కొనుగోళ్ళు. ఎవరు ఎవర్ని కొంటున్నారో బయటికి పొక్కితే 2015 నాటి సెబీ ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనలు మెడకి చుట్టుకుంటాయి. మా గుమాస్తాగారు టీ బడ్డీ దగ్గర కక్షిదారు పేరు ఎత్తేవారు కాదు, ‘తూర్పు వీధి పార్టిషన్’ అనేవారు. ఇది చెబితే, “మేమూ అంతే, ప్రతి డీల్‌కీ మారుపేరుంటుంది, చీటీ మీద అదే రాస్తాం” అంది. గుమాస్తాగారు బతికుంటే మెచ్చుకునేవారు.

అసలు నా అభ్యంతరం వేరు. జూనియర్ బోర్డు మీద ‘నేర్చుకోవాలి’ అని ఇరవై చీటీలున్నాయి. పార్ట్‌నర్‌కి బోర్డుంటే దాని మీద ‘నేర్పాలి’ అని ఒక్క చీటీ ఉందా? క్రవాత్ పద్ధతిలో కుర్రాళ్ళని పార్ట్‌నర్ల మధ్య తిప్పడం ఎందుకు పెట్టాడు? నేర్పే భారం ఫర్మ్ మీద ఉంచాడు. ఇప్పుడు సాఫ్ట్‌వేరు చేతికిచ్చి, నీ ఎదుగుదల నువ్వే ప్రాజెక్టుగా నడుపుకో అంటున్నారు. ఎదగకపోతే తప్పెవరిది? గడువు దాటించుకున్నవాళ్ళదే. ఎరుపు జూనియర్ చీటీ మీద మెరుస్తుంది, పార్ట్‌నర్ చీటీ మీద కాదు. మా సీనియర్ గారు రూపాయి ఇవ్వకపోయినా, నేను కోర్టులో తడబడితే సాయంత్రం బార్ రూములో అందరూ అడిగేది ఆయన్నే. “ఏం పంతులుగారూ, కుర్రాడికి ఏం నేర్పారు?” అని. ఆ అవమానం ఆయన మోసేవారు. అందుకే నేర్పేవారు, తిట్టుకుంటూ అయినా.

ఈ మధ్య ఈ జబ్బు మా ఆఫీసుకీ పాకింది. నా దగ్గరున్న కుర్రాడికి వాయిదాలు ఈ-కోర్ట్స్ యాప్‌లో ఫోనుకే వస్తాయి, డైరీ రాయమంటే మొహం మాడ్చుకుంటాడు. ఏ తేదీకి పడిందో తెలుసు, ఎందుకు పడిందో తెలీదు. జడ్జిగారు ఎదుటి ప్లీడరుని ఏమని మందలించి వాయిదా ఇచ్చారన్నది యాప్‌లో రాదు కదా. అందుకు నాలుగు మాటలన్నాను. ఎక్కడ విన్నాడో, వారం తిరక్కుండా ఫోన్లో బోర్డు పెట్టుకొచ్చాడు. ‘సార్ దగ్గర క్రాస్ నేర్చుకోవాలి: మార్చి 31 లోగా’.

“మార్చి 31 ఏమిట్రా? అదేమన్నా ఆర్థిక సంవత్సరం ముగింపా?”

“ఏదో ఒక తేదీ వెయ్యకపోతే తీసుకోదు సార్.”

“అది కొట్టేసి నేను చెప్పింది రాయి. నెలకి ఒక రోజు జిల్లా కోర్టులో వెనక బెంచీ మీద కూర్చోవాలి. ఆ రోజు మన కేసు ఉండకూడదు.”

రాశాడు. రాసి, బొటనవేలు గాల్లో ఆపి అడిగాడు: “దీన్ని అయిపోయినవాటిలోకి ఎప్పుడు జరపాలి సార్?”

“జడ్జిగారు బెంచి దిగాక.”